గల్లాపెట్టె దగ్గర మాత్రం ఇంకా బాబాయే

మా బాబాయి చీరల కొట్టు ఆన్‌లైన్‌కి వెళ్ళాక అమ్మకాల సంగతి అటుంచి, కొట్లో ఎవరి మాట ఎవరు వినాలో అదే తారుమారైపోయింది. ఒకప్పుడు బాబాయి, ఆయన కింద గుమస్తా గారు, తర్వాత సేల్స్ వాళ్ళు, అంతే. ఇప్పుడు ఫొటోలు తీసి లిస్టింగ్ పెట్టే అమ్మాయి "ఆ మంగళగిరి పట్టు ఆర్డర్ పడింది, కౌంటర్లో చూపించకండి" అంటే, ఎదురుగా కస్టమర్ కూర్చునున్నా సరే సీనియర్ సేల్స్‌మన్ నోరు మూసుకుని మడతపెట్టి ఇచ్చేయాల్సిందే, పాపం ఆయన కమిషన్ గోవిందా. రిటర్న్‌లు చూడ్డానికి ఒకళ్ళు కొత్తగా వచ్చారు. మార్కెట్‌ప్లేస్ వాళ్ళు (అంటే మన చీరలు అమ్మిపెట్టే వెబ్‌సైట్ వాళ్ళు) కోసుకునే కమిషన్, జీఎస్టీ కింద వాళ్ళే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే, 2024 జూలై నుంచి అర శాతానికి తగ్గిన టీసీఎస్ పన్ను, ఈ లెక్కలన్నీ గుమస్తా గారి నెత్తిన పడ్డాయి (ఆయన ఇంకా ఎర్ర అట్ట పద్దు పుస్తకంలోనే రాస్తారు, అదీ సంగతి!). ఆన్‌లైన్ అమ్మకంలోనూ కౌంటర్ వాళ్ళకి వాటా ఇవ్వమని గొడవ నడుస్తోంది, నన్నడిగితే ఇవ్వాల్సిందే.