ఎవరడిగారు వీణ్ణి?

ఈ వారమంతా డైనింగ్ టేబుల్ మీద ఒకటే చెస్ పొజిషన్. 1998లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నీలో గ్రాండ్‌మాస్టర్ తొపాలోవ్ మీద మరో గ్రాండ్‌మాస్టర్ షిరోవ్ నల్లపావులతో ఆడిన ఆట. షిరోవ్‌కి రెండు బంట్లు ఎక్కువ. కానీ మిగిలిన బిషప్పులు చెరో రంగు గళ్ళవి. ఒకటి తిరిగే గడిలో రెండోది కాలు పెట్టదు కనక, ఎదుటివాడు అడ్డం కూర్చుంటే బంట్లు ఎన్నున్నా చాలాసార్లు డ్రానే. ఇప్పుడు నల్లవాళ్ళ ఎత్తు, గెలిపించే ఆ ఎత్తేదో నేనే కనిపెట్టాలని నా పంతం.

సాయంత్రం నేను తాలింపు వేస్తుంటే చిన్నాడు వచ్చి, బోర్డు ఫోటో తీసి, ఫోన్లో ఏదో నొక్కి, "అమ్మా, బిషప్ హెచ్3" అనేసి చక్కా పోయాడు. అంటే బిషప్‌ని హెచ్ నిలువు వరసలో మూడో గడికి జరపమని. నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టయింది. ఎవరడిగారు? గట్టిగా అరిస్తే, "జవాబొచ్చిందిగా, ఇంకేంటి" అంటాడు. ఈయన కూడా వాడి పక్షమే. ఎప్పుడో అయిపోయిన ఆటట, ఎవరు చెప్తే ఏమిటట. తన సుడోకులో నేను ఒక్క అంకె చెప్తే మాత్రం పేపరు మడిచి అవతల పడేస్తారు!

నాన్నయితే రంగులు వేరైన బిషప్పులు మిగలగానే "డ్రా అమ్మా, లే" అని చెయ్యి చాపేసేవాడు. 2001లో మా గుంటూరు కుర్రాడు హరికృష్ణ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడని తెలిసి, అరండల్‌పేట వెళ్ళి ఈ చెక్క బోర్డు కొనుక్కొచ్చాడు. ఆ రాత్రి నాకు ఒక బంటు ఎక్కువ, లేవనన్నాను. కరెంటు పోయింది. అమ్మ కొవ్వొత్తి తెచ్చి బోర్డు మూలన నిలబెట్టింది. నాన్న నా బంటు ముందు రాజుని కూర్చోబెట్టి, బిషప్‌ని అటో గడి ఇటో గడి జరుపుతూనే ఉన్నాడు, మాటా పలుకూ లేకుండా. ఏ1 గడిలో ఆ మైనం మరక ఇప్పటికీ ఉంది. చివరికి బోర్డు నేనే మూశాను, ఏడుస్తూ.

అందరూ పడుకున్నాక మళ్ళీ కూర్చున్నాను. హెచ్3 సరే, ఎందుకు? అక్కడ తెల్లబంటు దాన్ని ఊరికే కొట్టేస్తుంది కదా! చాలాసేపటికి వెలిగింది. నల్లరాజు ఎఫ్5 మీదుగా ఈ4 చేరాలి. ఎఫ్5లో దారికడ్డంగా నిలబడింది సొంత బిషప్పే. ఈ4లో పెడితే రాజు వెళ్ళాల్సిన చోటే కూర్చున్నట్టు. ఇంకెక్కడికి తప్పుకున్నా తెల్లరాజు ఈ3కి వచ్చేస్తాడు. హెచ్3లో అయితే కొట్టడానికే తెల్లవాళ్ళ ఎత్తు ఖర్చవుతుంది, ఆలోగా మన రాజు ఎఫ్5, ఆపైన ఈ4. కొట్టకుండా తెల్లరాజు ఎఫ్2, ఎఫ్3 అంటూ వస్తే జి2 బంటుని కొట్టి చెక్. రాజు గనక బిషప్‌ని కొట్టాడా, ఈ4 మనది. ఇక ‘ఏ’ వరస బంటు ఒకవైపు, ‘డి’ వరస బంటు ఒకవైపు, రాజు తోడుగా. ఒంటి బిషప్ రెండింటినీ ఎలా ఆపుతుంది? ఎంత అందం!

ఇదేదీ ఫోన్ చెప్పలేదు, గడి పేరు చెప్పిందంతే. అయితే వాడు పాడుచేసిందేముంది, పాపం అనిపించింది ఓ నిమిషం.

కాదు. బిషప్‌ని తీసుకెళ్ళి హెచ్3లో పెట్టొచ్చని మొదటిసారి తోచే క్షణం నాది కావాల్సింది. అది మళ్ళీ రాదు. నా కోపం న్యాయమే. ఈసారి పొజిషన్ పడగ్గదిలో పెట్టుకుంటాను, తలుపేసుకుని.