రెండు మూపురాల ఒంటె, మా నాయనమ్మ గేదె

మా అమలాపురం వైపు మూపురం అంటే ఎద్దుకే. గిత్త మూపురం నిక్కి ఉందంటే మేత బాగుందని, ఒంట్లో బలం ఉందని లెక్క. ఆ కళ్లతోనే మొన్న మే నెలలో లడఖ్‌లోని నుబ్రా లోయలో, హుండర్ ఇసుక తిన్నెల దగ్గర, మొదటిసారి రెండు మూపురాల ఒంటెను చూశాను. చూడగానే ప్రాణం ఉసూరుమంది. ముందు మూపురం ఖాళీ సంచిలా ఓ పక్కకి వాలిపోయి ఉంది, ఒంటి మీద బొచ్చు పాత బొంతలో దూదిలా ముద్దలు ముద్దలుగా ఊడి వేలాడుతోంది. దీనికేదో రోగం వచ్చినట్టుందండీ, మనుషుల్ని ఎలా ఎక్కిస్తున్నారు అని తోలుకొచ్చినాయన్ని అడిగేశాను. చలికాలం దాటొచ్చింది కదా, కొవ్వు కరిగింది, వేసవి మేత పడితే మళ్లీ నిలబడుతుంది, బొచ్చు కూడా ఏటా ఈ రోజుల్లో ఇలాగే రాలుతుంది అని హిందీలో ఓపిగ్గా చెప్పాడు.

మూపురంలో నీళ్లుంటాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఉన్నదంతా కొవ్వే. మేత దొరకని నెలల్లో అదే దాని గాదె. నీళ్ల సంగతి వేరు, దాని కిటుకు రక్తంలో ఉంది. దాహం మీద ఉన్న ఒంటె ఒక్క విడతలో వంద లీటర్ల పైన తాగేస్తుంది, ఇంకో జంతువైతే ఎర్రకణాలు ఉబ్బి పగిలిపోయే ప్రమాదం ఉంటుంది, దీనికి మాత్రం అవి కోలగా ఉండి ఉబ్బినా తట్టుకుంటాయి. గోబీ ఎడారిలో చలికాలం సున్నాకి దిగువన 40 డిగ్రీలు, వేసవిలో 40 డిగ్రీల ఎండ, రెండింటికీ ఇదే ఒళ్లు. నీళ్లు గడ్డకట్టినప్పుడు మంచు తిని గడుపుతుంది. ఇసుక లేస్తే ముక్కు రంధ్రాలు మూసేస్తుంది.

మా గేదె మధ్యాహ్నం అయ్యేసరికి కాలువలో దిగి తీరాలి, దానికి చెమట సరిగ్గా పట్టదు. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువులో మిగిలిన బురదలోనైనా పొర్లాలి. నీళ్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టే ఆ ఒంటెను అంతసేపు చూస్తూ ఉండిపోయానేమో. పక్కన ముళ్ల పొద ఉంది, చీలిన పై పెదవితో ముళ్ల మధ్య ఆకుల్ని ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది.

ఒకప్పుడు ఇప్పటి చైనాలో ఉన్న యార్కండ్ నుంచి లేహ్‌కు కనుమలు దాటించి సరుకులు మోసిన ఒంటెల సంతతే ఇవి. 1950 ప్రాంతంలో ఆ దారి మూతపడ్డాక ఇక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు టూరిస్టుల్ని మోస్తున్నాయి. లేహ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ వాళ్లు ఎత్తైన సరిహద్దు దారుల్లో సైన్యం కోసం వీటిని పరీక్షిస్తే 170 కిలోలు మోశాయి, అంటే మన రెండు ధాన్యం బస్తాల పైమాటే, అదీ మనకు నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వచ్చే చోట. మంగోలియాలో అయితే పాలు తాగుతారు, రాలిన బొచ్చు ఉన్నిగా వాడతారు, ఎండిన పేడ పొయ్యిలోకి పోతుంది. అడవి జాతి వేరే ఉంది, అవి వెయ్యి లోపే మిగిలాయంటే మాత్రం చాలా బాధేసింది.

ఇంటికొచ్చాక వీటి గురించే చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. గోబీలో ఈనిన ఒంటె ఒక్కోసారి పిల్లను దగ్గరికి రానివ్వదు. అప్పుడు తల్లినీ పిల్లనూ పక్కపక్కన కట్టి, ఒకరు వాయిద్యం వాయిస్తుంటే ఒకరు 'ఖూస్, ఖూస్' అంటూ అదే మాట మీద గంటల తరబడి పాడతారు, తల్లి మెత్తబడి పాలిచ్చేదాకా. ఈ ఆచారాన్ని 2015లో యునెస్కో వెంటనే కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో చేర్చింది.

అది చదవగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. దూడ చచ్చిపోయి గేదె చేపకపోతే, అంటే పొదుగులోకి పాలు వదలకపోతే, దూడ తోలులో గడ్డి కుక్కించి దాని ముందు పెట్టేది. అది ఆ తోలును నాకుతుంటే పొదుగు దగ్గర గొంతుక్కూర్చుని, చన్నులు చెమ్మ చేత్తో నిమురుతూ "చేపవే నా తల్లీ, చేపవే" అని సన్నగా అంటూనే ఉండేది. గిన్నెలో మొదటి ధార పడ్డ చప్పుడు వినబడేదాకా మమ్మల్నెవర్నీ పాక గుమ్మం దాటనిచ్చేది కాదు.