దురద అని చెప్పబోయాను

మయసభ ఘట్టాన్ని ఇరవై రెండేళ్లుగా ఏకపాత్రాభినయంగా ఆడుతున్నవాణ్ణి కనుక, నేలను చూసి నీరనుకొని పంచె ఎగగట్టడం, నీటిని చూసి నేలనుకొని అడుగువేసి జారిపడడం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఒడిశాలోని బరంపురంలో మా వీధి తెలుగువాళ్లు వేసిన దసరా పందిరిలో ఆ రాత్రి నేను పడిన తీరు మాత్రం సాధన చేసినది కాదు. కుడి మోకాలు ఉన్నట్టుండి వదిలేసింది. గద ఒక వైపు, కిరీటం మరొక వైపు దొర్లిపోయాయి. లేవబోతే తొడలు మాట వినలేదు. జనం ఈలలు వేశారు. తెర దించమని నేను చేసిన సైగను కూడా అభినయంగానే తీసుకొని మళ్లీ చప్పట్లు కొట్టారు.

అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకొని మూడు రోజులకు తగ్గాయి. ఆ తరువాత కాలివేళ్లలో తిమ్మిరి, పాదాల మీద చీమలు పాకినట్టు ఉండడం మొదలైతే, ఒక క్లినిక్కులో నీరసమని చెప్పి బి-12 సూదులు పొడిచి పంపించారు. పడిన మర్నాటికి చేతులు, ఆ మర్నాటికి మింగడం పోయాయి. పెద్దాసుపత్రిలో న్యూరాలజీ డాక్టరు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదలలేదు. వెన్నునీరు తీయించి చూస్తే అందులో ప్రోటీను ఎక్కువగా, కణాలు మామూలుగా ఉన్నాయి. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. 2025 ఆరంభంలో పుణెలో కేసులు వచ్చి పత్రికలకెక్కక ముందటి మాట ఇది కనుక, ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. 1916లో ఈ జబ్బును వర్ణించిన వ్యాసం మీద స్ట్రోల్ అని మూడో వైద్యుడి పేరు కూడా ఉందని, వాడుకలో అది జారిపోయిందని తరువాత చదివాను. కరపత్రంలో పేరు పడని హార్మోనిస్టులను చాలామందిని చూసినవాణ్ణి కనుక ఆయన మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

జబ్బు పనిచేసే తీరు విన్నప్పుడు, అంత మత్తులోనూ నాకు మయసభే గుర్తుకు వచ్చింది. కడుపులో చేరిన క్రిమి మీదికి బయలుదేరిన రోగనిరోధక శక్తి, దానిని పోలి ఉండడం వల్ల నరాల మీది పొరనే శత్రువు అనుకొని కొరికేస్తుంది. నేలేదో నీరేదో దానికి తెలియదు. విరుగుడుగా ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కించారు. నా 62 కిలోలకు రోజుకు 25 గ్రాముల చొప్పున అయిదు రోజులు, అంటే అయిదేసి గ్రాముల సీసాలు మొత్తం 25. వాటి ఖర్చు గురించి ఇంతే చెబుతాను: నా భార్య మెడలో ఈనాటికీ పసుపుతాడే ఉంది.

మందు ఎక్కుతుండగానే ఊపిరి కూడా చాలకపోవడంతో పదకొండు రోజులు వెంటిలేటరు మీద ఉన్నాను. ముఖం రెండు వైపులా చచ్చుబడింది. రెప్పలు పూర్తిగా మూతపడక రాత్రిపూట టేపు అంటించేవారు. మిగిలినవి కనుగుడ్లు. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. నా భార్య మా అబ్బాయి పెద్దబాలశిక్ష తెచ్చి అక్షరాలు ఒక్కొక్కటే చదివేది. కావలసిన అక్షరం దగ్గర నేను పైకి చూడాలి. తెలుగు ఎంత విశాలమైన భాషో వెంటిలేటరు మీద ఉన్నవాడికి తెలిసినంతగా పండితులకు తెలియదు. ఒకనాడు ముక్కు మీద దురద పుట్టింది. హల్లుల్లో పద్ధెనిమిదోది 'ద'. అక్కడ ఆగి, గుణింతంలో అయిదో మెట్టు ఎక్కితే 'దు'. మళ్లీ మొదటికి వెళ్లి ఇరవై ఏడో హల్లు దాకా నడిస్తే 'ర'. ఇంకొక్క అక్షరం ఉండగా ఆమె పుస్తకం మూసి, "దుర్యోధనుడా? ఏమండీ, ఇప్పుడు ఆ వేషం సంగతి ఎందుకండీ" అంటూ బావురుమంది. నేను కిందికి, కిందికి, కిందికి చూస్తూనే ఉన్నాను. ఆమె కళ్లనీళ్లలో నా కళ్లు కనబడలేదు. తరువాత గంటసేపు ఆమె లేదు, దురద ఉంది.

వెంటిలేటరు గొట్టం తీశాక నెలల తరబడి ఫిజియోథెరపీ. ఒడియా కుర్రవాడు నా కాలు ఎత్తి దించుతూ "ఎక, దుయి, తిని" అని లెక్కపెట్టేవాడు. ముక్కుగొట్టంలోంచి జావ తప్ప ఏమీ ఎరగనివాడి చెవిలో మూడోసారల్లా "తిని" పడుతుంటే ఏం తిని నాయనా అని అడగాలనిపించేది, గొంతు పెగిలేది కాదు. మా బావమరిది రోజూ వచ్చి హాస్యాలు చెప్పి, నా ముఖంలో నవ్వు రాకపోవడం చూసి, పాత అప్పు మనసులో పెట్టుకున్నాననుకొని, ఆరో రోజున ఆ అప్పు తీర్చేశాడు. నవ్వితే జబ్బు నయమవుతుందని చెప్పేవారిని నేను నమ్మను. ముఖం కదిలాకే నవ్వు వచ్చింది, అదీ ముందు ఎడమ వైపు మాత్రమే.

ఏడో నెలలో ఊతం లేకుండా నడిచాను. ఆ చైత్రంలోనే మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి జాతర వచ్చింది. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరలో మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. మా అమ్మ నా పేర మొక్కుకుంది కనుక దుర్యోధనుడి వేషం కట్టి, నాలుగు అడుగులకొకసారి ఆగుతూ నడిచాను. పిల్లలు నవ్వారు. అలసిన దుర్యోధనుణ్ణి వాళ్లెన్నడూ చూడలేదు. ఆ నవ్వు నుంచే యాభై నిమిషాల ఒంటరి నాటకం పుట్టింది. పడడం, సుత్తి, హల్లులు, బావమరిది అప్పు అన్నీ అందులో ఉన్నాయి. దురద ఘట్టంలో నా భార్యను నేనే అభినయించి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ బయటికి పరుగెడితే జనం పొట్టలు పట్టుకొని నవ్వారు.

ఆమె మొదటి ప్రదర్శన చూసి ఇంటికి వచ్చి, అన్నం వడ్డించి, అప్పుడు చెప్పింది. ఆసుపత్రిలో నాకు దురద పుట్టిన రోజు ఉదయమే కిరీటం, గద, దుస్తులు అద్దెకిచ్చినాయనకు తిరిగి అప్పగించి, మళ్లీ ఎప్పుడు కావాలని ఆయన అడిగితే "ఇక అక్కర్లేదు" అని వచ్చిందట. నేను 'దుర' అనేసరికి ఆ మాట నాకు తెలిసిపోయిందనుకుందట. గొట్టం వేసేముందు తాను చదవలేని ఒడియా కాగితాన్ని నర్సు చేత చదివించుకొని ఒక్కతే సంతకం పెట్టిన సంగతి కూడా నాకు ఆనాడే తెలిసింది. నా జబ్బు కథలో నేను లేని గదులు ఇన్ని ఉన్నాయని తెలియకుండానే దాన్ని నా కథ అంటూ ఆడాను.

ఆ ఘట్టాన్ని తీసేయనా అని అడిగాను. "నవ్వనివ్వండి. తరువాత నేనెక్కడ కూర్చున్నానో కూడా చూపించండి" అంది. ఇప్పుడు ఆ నవ్వు మీదనే నేను లోపలికి వెళ్లిపోతాను. రంగస్థలం మీద ఒక ఖాళీ స్టూలు, మసక దీపం మిగులుతాయి. మళ్లీ లైటు ఎప్పుడు వేయాలో నిర్ణయించేది ఆమె. స్విచ్ ఆమె చేతిలోనే ఉంటుంది. మామూలుగా రెండు నిమిషాలు. మొన్న పర్లాకిమిడిలో నాలుగు నిమిషాలు దాటినా వేయలేదు. జనంలో ఎవరో దగ్గారు, ఎవరో లేచి కూర్చున్నారు. నేను పక్కతెర చాటున నిలబడి ముక్కు గోక్కున్నాను.