యిర్మీయా వెళ్లిపోయెను

ప్రవక్త అంటే రేపటి సంగతి చెప్పేవాడని మనలో పాతుకుపోయింది. వీసా వస్తుందా, అమ్మాయికి సంబంధం కుదురుతుందా, బోరులో నీళ్లు పడతాయా... సభ అయిపోయాక దైవజనుడి ముందు వరసకట్టి, తల వంచి, ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉంటాం. అది చూసినప్పుడల్లా నాకు బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 28వ అధ్యాయం గుర్తొస్తుంది, కడుపు తరుక్కుపోతుంది.

యూదా రాజు సిద్కియా ఏలుబడిలో నాలుగో ఏడు, అయిదో నెల. యిర్మీయా మెడ మీద కొయ్య కాడి ఉంది. బబులోను రాజుకు లోబడండి అని చెప్పడానికి ప్రభువే పెట్టించిన గురుతు అది. గిబియోనువాడైన హనన్యా అనే ఇంకో ప్రవక్త మందిరంలో యాజకుల ఎదుట, జనమంతటి ఎదుట నిలబడి, బబులోనుకు పట్టుకుపోయిన మందిరపు సామానంతా రెండేళ్లలో తిరిగొస్తుంది, చెరపట్టిన రాజు యెకొన్యా తిరిగొస్తాడు అన్నాడు. యెహోవాయే చెబుతున్నాడు అనే అన్నాడు. వినేవాళ్లకి ఇద్దరి మాట తీరులో తేడా ఏమీ తెలియదు.

దానికి యిర్మీయా జవాబు, "ఆమేన్, యెహోవా ఆలాగున చేయును గాక." ఇది వెటకారమని కొందరు బోధిస్తారు, నాకు మాత్రం అలా అనిపించదు. నా తల నీళ్లమయమైతే నా జనం కోసం రాత్రింబగళ్లు ఏడుద్దునే అన్న మనిషి కదా, హనన్యా మాట నిజమైతే అందరికంటే ముందు సంతోషపడేది అతనే.

తర్వాత హనన్యా ఆ కాడి లాగి అందరి ముందూ విరిచేశాడు. అప్పుడు యిర్మీయా ఏం చేశాడో ఒక్క చిన్న మాటలో రాసి ఉంది: వెళ్లిపోయాడు. అంతే. ఎన్నేళ్లుగానో నేను అక్కడే ఆగిపోతున్నాను. అంతమంది చూస్తుండగా పరువు పోయింది, శపించవచ్చు, ఏదో ఒకటి ప్రభువు పేరు మీద అనవచ్చు. అనలేదు, ఎందుకంటే ఆ క్షణాన ప్రభువు అతనికి ఇంకే మాటా ఇవ్వలేదు. మోషేకు అహరోను నోరుగా ఉన్నట్టు ప్రవక్త దేవుడికి నోరు, నోటికి సొంత మాట ఎక్కడిది? విరిచిన కొయ్య కాడికి బదులు ఇనుప కాడి వస్తుందన్న వాక్కు తర్వాత వచ్చింది, అప్పుడే తిరిగి వెళ్లి చెప్పాడు. యెరూషలేము కాలిపోయాక, మిగిలినవాళ్లు ప్రాణభయంతో వచ్చి ఎటు పోవాలో అడుగు అని బతిమాలినప్పుడు కూడా పది రోజులు ఆగాడు (42:7). పది రోజులు!

మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక దైవజనుడు వచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టి, వచ్చే ఆదివారం ఈమె నడిచి మందిరానికి వస్తుందని ప్రభువు బయలుపరిచాడు అన్నారు. మేం అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాం. అమ్మ గురువారం వెళ్లిపోయింది. మీ విశ్వాసమే చాల్లేదు అన్న మాట కూడా తర్వాత మా చెవిన పడింది. ఆ మాట మోస్తూ మా నాన్న ఎన్నాళ్లు నిద్రపోలేదో నాకు తెలుసు.

దయచేసి, ప్రభువు చెప్పనిది ప్రభువు చెప్పాడని అనకండి, అనిపించకండి. వాగ్దాన కార్డుల మీద మనమంతా ప్రేమగా దాచుకునే యిర్మీయా 29:11కి పై వచనంలో, బబులోనుకు 70 ఏళ్లు నిండాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అని ఉంది. హనన్యా చెప్పింది రెండేళ్లు. జనానికి ఏది నచ్చి ఉంటుందో చెప్పాలా?

మా సంఘం అయ్యగారు కూడా రోజూ వచ్చేవారు, ఫ్లాస్కులో జావ పట్టుకుని. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అమ్మ కాళ్ల మీద దుప్పటి జారితే సర్ది, ఏమీ మాట్లాడకుండా ఉండేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, అయ్యగారూ, ప్రభువు మీకేమైనా చెప్పాడా అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకేమీ చెప్పలేదమ్మా. తగ్గాలనే నేనూ అడుగుతున్నాను."

ఆ తర్వాత ఖాళీ ఫ్లాస్కు తీసుకుని, గొడుగు చంకన పెట్టుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చారు, జావతో.