చిన్నాన్న అనలాగ్ రిసీవర్‌కి మళ్లీ పని దొరికింది

తిరుపతి కొర్లగుంటలో మా మేడమీదున్న ఎనిమిదడుగుల జాలీ డిష్ మళ్లీ తిరుగుతోంది. చిన్నాన్న కేబుల్ నడిపిన కాలం నాటి అనలాగ్ రిసీవర్‌నీ, ఇప్పటి డీవీబీ-ఎస్2 (డిజిటల్ శాటిలైట్) బాక్సునీ కలిపి వాడుతున్నాను.

"దాంట్లో ఇంకేం బొమ్మొస్తుందిరా, పాత సామాన్లోళ్లకి వేసెయ్" అన్నాడు చిన్నాన్న. బొమ్మ రాదు, నిజమే. పైనుంచి వచ్చేవన్నీ డిజిటల్ సిగ్నళ్లే, తెరనిండా చుక్కలే. కానీ ఆ డబ్బా వెనక డిష్‌ని తిప్పే 36 వోల్టుల మోటార్ సప్లై ఉంది, ముందు ముల్లు మీటరుంది. నాకు ఆ రెండూ చాలు.

ఏళ్ల తరబడి మూలన పడున్న డబ్బాని నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. సిరీస్ బల్బు మీద (లోపల షార్టుంటే కరెంటుని అడ్డుకునేలా మధ్యలో బల్బు పెట్టి) వెలిగించి చూశాను. పవర్ సప్లైలో ఉబ్బిన కెపాసిటర్లు మార్చాక నిలబడింది.

మీటరెందుకంటే, కొత్త బాక్సులో సిగ్నల్ క్వాలిటీ చూపే గీత లేవడానికి కాస్త టైం పడుతుంది. ఆలోపు డిష్ శాటిలైట్‌ని దాటి వెళ్లిపోతుంది. ముల్లు మీటరుకి డిజిటలా అనలాగా అన్న పట్టింపు లేదు, లోపలికొచ్చే పవర్‌ని బట్టి అప్పటికప్పుడు లేస్తుంది. ముల్లు బాగా లేచిన చోట ఆపి, ఆ తర్వాత కొత్త బాక్సులో క్వాలిటీ చూసుకుంటూ సర్దుతున్నాను.

కేబుల్ ఎల్ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) నుంచి ముందు కొత్త బాక్సుకి, దాని ఎల్ఎన్‌బీ అవుట్ నుంచి పాతదానికి వెళ్తుంది. ఆ రెంటి మధ్య డీసీ బ్లాక్ (సిగ్నల్‌ని పోనిచ్చి వోల్టేజీని ఆపేది) పెట్టాల్సిందే. ఎల్ఎన్‌బీకి వర్టికల్ సిగ్నళ్లకైతే 13, హారిజాంటల్ వాటికైతే 18 వోల్టులు ఇచ్చే పని కొత్త బాక్సుది. పాతది కూడా తన వోల్టేజీ పంపితే వర్టికల్, హారిజాంటల్ తికమకవుతాయి, బాక్సే పోవచ్చు కూడా. డిష్ ముందున్న పాత ఫీడ్‌లో పోలరైజేషన్ (ఈ వర్టికల్, హారిజాంటల్) మార్చేది మూడు వైర్ల సర్వో మోటారు. ఛానల్ మార్చినప్పుడల్లా దానికోసం పాత డబ్బా రిమోట్ వెతుక్కోవడం నావల్ల కాదు, ఆ ఫీడ్ తీసేసి మామూలు సీ-బ్యాండ్ ఎల్ఎన్‌బీఎఫ్ (ఫీడ్, ఎల్ఎన్‌బీ కలిసే ఉండేది) బిగించాను. బాక్సు సెట్టింగుల్లో ఎల్ఓ (ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ) 5150, 22కే (స్విచ్చింగ్ టోన్) ఆఫ్. కొనేటప్పుడు 5జీ ఫిల్టర్ ఉన్నదే అడగండి. మన దగ్గర 5జీకి ఇచ్చిన 3300–3670 మెగాహెర్ట్జ్, డిష్‌కి కావలసిన 3700–4200కి ఆనుకునే ఉంది. దగ్గర్లో టవరుంటే స్ట్రెంగ్త్ నిండుగా చూపిస్తుంది, క్వాలిటీ మాత్రం సున్నా.

ఎక్కువ సతాయించింది యాక్చుయేటర్, అంటే డిష్‌ని తిప్పే మోటార్ కడ్డీ. మోటార్ కదిలిన వెంటనే ఆగిపోయేది. ఈ రకం డబ్బాలు సెన్సార్ పల్సులు లెక్కబెట్టుకుంటూ నడుపుతాయి, పల్సు రాకపోతే ఇరుక్కుందనుకుని కరెంటు ఆపేస్తాయి. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి చూస్తే లోపల ఆ పల్సులిచ్చే రీడ్ స్విచ్ చచ్చిపోయి ఉంది. అది గాజు గొట్టంలో ఉండే చిన్న వస్తువు, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది. మోటారుకి లావు వైరు, సెన్సారుకి విడిగా షీల్డ్ వైరు లాగాను. రెండూ ఒకే కట్టలో పోతే మోటార్ గోల సెన్సార్ వైరులోకి దూరి లెక్క తప్పుతుంది. అన్నిటినీ పీవీసీ పైపులో దూర్చాను. తిరుపతిలో కోతుల సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

డిష్ కోణాల విషయంలో మన ఊరు అదృష్టం చేసుకుంది. శేషాచలం కొండలు ఉత్తరాన ఉన్నాయి, శాటిలైట్లన్నీ దక్షిణం వైపే. తిరుపతి రేఖాంశం 79.4 డిగ్రీలు కాబట్టి 78.5 రేఖాంశం మీదున్న థాయ్‌కామ్ శాటిలైట్ దాదాపు నిట్టనిలువు దక్షిణం. పోలార్ మౌంట్‌ని (డిష్ ఒకే ఇరుసు మీద తిరిగి శాటిలైట్ల వరసంతా అందుకునే స్టాండు) మొదట దానిమీద సరిచేశాను. యాక్సిస్ (ఇరుసు) వంపు దాదాపు 14 డిగ్రీలు, డిక్లినేషన్ (డిష్‌కి ఇచ్చే అదనపు వంపు) రెండుకి కాస్త పైన. ఇక్కణ్నుంచి చూస్తే 83 డిగ్రీల శాటిలైట్లు సుమారు 73 డిగ్రీల ఎత్తులో, 93.5వి 67 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. ఈ మూడు చోట్లా పల్సుల నంబర్లు డబ్బా మెమరీలో పడ్డాయి. వీ-బాక్స్ (మోటారుని కొత్త బాక్సుకి కలిపే డబ్బా) కొనుక్కుంటే కొత్త రిమోట్‌తోనే తిప్పొచ్చు, కానీ దాంట్లో ముల్లు ఉండదు కదా.

పడమర 68.5 వైపు ఇంకా ట్యూన్ చేయాలి. తూర్పున 105.5 శాటిలైట్ 56 డిగ్రీల ఎత్తులోనే ఉంది, సరిగ్గా అక్కడే పక్కింటివాళ్లు కొత్తగా అంతస్తు లేపి వాటర్ ట్యాంకు పెట్టారు. ప్రస్తుతానికి తూర్పు లిమిట్ (మోటార్ ఆగాల్సిన హద్దు) 93.5 దాటగానే పెట్టేశాను.