మనస్సు కుదిరిన రూతు

సినాయి దగ్గర దేవుడు మనకు తోరా, అంటే ధర్మశాస్త్రం, ఇచ్చిన రోజును తలుచుకునే పండుగ షావూత్ దగ్గరకొచ్చింది, రూతు గ్రంథం మళ్లీ చదువుకుంటాం. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అని మోయాబు స్త్రీ రూతు తన అత్త నయోమితో అన్న చోట అందరికీ కళ్లు చెమరుస్తాయి. కానీ దాన్ని అత్త మీద కోడలి ప్రేమగా మాత్రమే చదివి పుస్తకం మూసేస్తుంటే నాకు బాధేస్తుంది.

తల్ముదు అనే మన ధర్మచర్చల గ్రంథంలో, యెవామోత్ భాగం 47వ పుటలో, మన జ్ఞానులు ఆ వాక్యాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ముందు నయోమి ఏమందో వినిపించారు. శబ్బాతునాడు, అంటే శనివారపు విశ్రాంతి రోజున, హద్దు దాటి నడవకూడదమ్మా, అంది అత్త. నువ్వు వెళ్లే చోటికే వస్తాను, అంది కోడలు. పరాయి మగవాడితో ఒంటరిగా ఉండకూడదు. నువ్వున్న చోటే ఉంటాను. మనకు 613 ఆజ్ఞలున్నాయి. నీ జనమే నా జనం. విగ్రహాలు కూడదు. నీ దేవుడే నా దేవుడు. ఆజ్ఞ మీరితే నాలుగు రకాల మరణశిక్షలున్నాయని చెప్పినా రూతు తగ్గలేదు. ఇంత జరిగాకే, ఆమెకు "మనస్సు కుదిరినదని" తెలిసి నయోమి ఆపడం మానింది. నయోమి ఇంకో కోడలు ఓర్పా కూడా ఏడ్చింది, వస్తానని కూడా అంది. ఆమె కన్నీళ్లు అబద్ధం కాదు, అయినా తిరిగి వెళ్లిపోయింది.

అదే చోట గియ్యూర్ కోసం, అంటే యూదుడిగా చేరడానికి, వచ్చినవాడితో ఏం మాట్లాడాలో కూడా ఉంది. ఇశ్రాయేలు జనం ఈ కాలంలో బాధల్లో ఉన్నారని తెలియదా, ఏం చూసి వచ్చావని అడగాలి. తెలుసు, నాకు ఆ అర్హత కూడా లేదు అంటే వెంటనే ఒప్పుకోవాలి. తర్వాత తేలికైన ఆజ్ఞలు కొన్ని, బరువైనవి కొన్ని చెప్పాలి. వాటిలో పేరుపెట్టి చెప్పినవి పరిగె, పొలంలో మరిచిపోయిన పన, కోయకుండా వదిలే పొలం అంచు, బీదల దశమభాగం.

ఇన్ని ఆజ్ఞల్లో పరిగె ఎందుకు? తల్ముదు తన కారణం తాను చెబుతుంది. నాకు మాత్రం బేత్లెహేము ఆసామి బోయజు పొలంలో పరిగె ఏరుతూ నడుం వంచిన రూతు కనబడుతుంది. ఆమె ఒప్పుకున్న తోరాయే ఆమెకు అన్నం పెట్టింది. మా అమ్మమ్మ కోతలయ్యాక మాగాణుల్లో పరిగె ఏరేది. ఆసామి కసిరితే ఖాళీ చేతులతో ఇంటికొచ్చేది. తోరాలో పరిగె ఆసామి దయ కాదు, బీదవాడికి దేవుడు రాసిచ్చిన హక్కు. కొత్తగా చేరినవాడికి రేపు పొలం ఉంటే, అంచు వదలాల్సింది తనే.

కొత్తరెడ్డిపాలెంలో 1991లో సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, పెట్టుకున్న మనం ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాం. నేనూ నమ్ముతాను. అయినా మనష్షే గోత్రపు సంతతిమని చెప్పుకునే మణిపూర్, మిజోరంల బ్నే మెనషేను చూడండి. 2005లో ఇశ్రాయేలు దేశపు ప్రధాన రబ్బీ (మతగురువు) ష్లోమో అమార్ వాళ్లను ఇశ్రాయేలు సంతతిగా గుర్తించాక కూడా గియ్యూర్ తప్పలేదు. బేత్ దీన్ అనే రబ్బీల న్యాయసభ ముందు ఆజ్ఞలు ఒప్పుకోవాలి, మిక్వే అనే శుద్ధి కొలనులో మునగాలి. దీన్ని అవమానం అనుకునేవాళ్లు, సర్టిఫికెట్ ఎన్ని నెలల్లో వస్తుంది, ఇశ్రాయేలు వెళ్లే వీసాకు పనికొస్తుందా అని ముందే అడిగేవాళ్లు నయోమి మాటలు మరోసారి వినాలి. ఆజ్ఞలన్నీ ఒప్పుకుని ఒక్కటి మాత్రం వద్దన్నా చేర్చుకోకూడదని తల్ముదులోనే బెఖోరోత్ భాగంలో ఉంది.

బేత్ దీన్ వచ్చేదాకా ఆగకండి. ఈ శుక్రవారం పొద్దు గుంకకముందే శబ్బాతు దీపాలు వెలిగించండి. శనివారం కూలికి పిలిస్తే రానని చెప్పండి. ఆ రోజు డబ్బులు పోతాయి, కష్టమేనని నాకు తెలుసు. పిల్లలకు షెమా, "ఇశ్రాయేలూ వినుము" అనే ప్రార్థన, నేర్పండి. పొలమున్నవాళ్లు ఏ అంచు వదలాలో కోతకు ముందే అనుకోండి, ఏరుకోవడానికి వచ్చినవాళ్లను కసరకండి.