బావగారి మరణం తరువాత అక్కకు రావలసినవి

బావగారు ఉద్యోగంలో ఉండగానే కన్నుమూయడంతో, కాగితాల పనంతా అక్క తరఫున నేనే చూడవలసి వచ్చింది. అన్నిటికీ మూలం మరణ ధ్రువీకరణ పత్రమే. 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము ఉండదు.

ఉద్యోగుల పింఛను పథకం కింద, ఫారం 10డి సమర్పిస్తే, భార్యకు నెలనెలా పింఛనుతో పాటు ఇద్దరు పిల్లల వరకు 25 ఏళ్లు నిండేదాకా విడిగా పింఛను వస్తుందని చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనిది బీమా సంగతి. భవిష్యనిధి (పీఎఫ్) సభ్యుడు సర్వీసులో మరణిస్తే గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా కుటుంబానికి అందుతుంది. దీని చందా యజమానే చెల్లిస్తాడు కనుక జీతం చీటీలో ఎక్కడా కనిపించదు, అందుకే అడిగేవారు తక్కువ. ఈ బీమాకు ఫారం 5 ఐఎఫ్, భవిష్యనిధి ఖాతాలోని నిల్వ సొమ్ముకు ఫారం 20 సమర్పించాలి.

బ్యాంకు పాస్‌బుక్కులో ఏటా 436 రూపాయలు కోతపడి ఉంటే, అది 2 లక్షల జీవనజ్యోతి బీమా ప్రీమియం అయి ఉంటుంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్లలోపు సంపాదనపరుడు మరణిస్తే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తుంది. అన్నిటికన్నా విసిగించింది మాత్రం ఆధార్‌లో ఒక రకంగా, భవిష్యనిధి రికార్డులో మరో రకంగా ఉన్న ఇంటిపేరే. దరఖాస్తుకు ముందే దాన్ని సరిచేయించుకోవడం మంచిది.